ఇరవై నాలుగు చుక్కలు

జహ్రా ఆసుపత్రి, మూడో అంతస్తు, అలెర్జీ గది.
కిటికీ అవతల తోజ్ లేచింది.
ఊరంతా ఎర్రదుమ్ము; ఇక్కడ మాత్రం
గాలిని కూడా వడగట్టి వదులుతారు.

ఏడేళ్ళ సుల్తాన్ చెయ్యి చాపాడు.
నీలం పెన్నుతో ఇరవై నాలుగు గీతలు గీశాను,
గీత పక్కన చుక్క:
ఖర్జూరం పుప్పొడి, పిల్లి, జీడిపప్పు, గుడ్డు తెల్లసొన,
పరుపులో కంటికానని పురుగు, మేక బొచ్చు...
ప్రతి చుక్కలో ఒక సూది పోటు.
ఇక పదిహేను నిమిషాలు ఆగాలి.
ఆ ఆగడమే నా ఉద్యోగం.

తల్లి చెబుతోంది, ఎవరో తప్పు పట్టినట్టు:
"రోజుకు మూడుసార్లు ఇల్లు తుడిపిస్తాను.
బొమ్మలు మరగబెట్టిస్తాను.
రెండేళ్ళ దాకా వీణ్ణి ఉత్తి నేల మీద దించలేదు."
ఆమె మామగారు గుడారంలో పుట్టాడట, ఒంటెల మధ్య.
ఎనభై దాటినా తుమ్మెరుగడట.

మా నాన్న మంగలి.
పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడని
బళ్ళో నా వైపు చూస్తూ చెప్పేవాళ్ళు, నవ్వేవాళ్ళు.
ఇన్నేళ్ళకు, ఉబ్బుతున్న రెండో చుక్క ముందు
తెలిసింది ఆ సామెత ఎవరిదో.
ఒంట్లో కాపలా ఒకటి ఉంటుంది.
దానికి పురుగు రాదు, పుండు రాదు, పేగులో ఏలికపాము లేదు.
కత్తి నూరుకుని కూచుంది.
పిల్లి దొరికితే పిల్లి.
ఏదీ దొరక్కపోతే సొంత కీళ్ళు, సొంత క్లోమం.
నా మటుకు నాకు గొంతులో గ్రంథి:
రోజూ పొద్దున పరగడుపున ఒక తెల్లబిళ్ళ.

అంత సులువు కాదంటుంది డాక్టర్ హనాన్.
తగ్గింది శత్రువులు కాదు, సిస్టర్,
ఎవరితో పోట్లాడనక్కర్లేదో నేర్పే
పాత నేస్తాలు.
ఆమెకూ పూర్తిగా తెలియదు. తెలియదనే చెబుతుంది.

అలాగని మట్టికి మొక్కమంటే నేను మొక్కను.
మా తమ్ముడు సాయిలు, పదహారు నెలలవాడు,
బోరింగు పక్క గుంటలో నీళ్ళు దోసిట్లో తాగాడు.
మూడు రోజులు.
వాడి చేతి మీద ఏ చుక్కా ఉబ్బేది కాదేమో.
ఉబ్బడానికి చెయ్యి మిగల్లేదు.

తలుపు దగ్గర గంగమల్లు, కోరుట్ల మనిషి,
వీళ్ళ జాఖూర్‌లో మేకలు కాస్తాడు.
చెప్పులు బయట విడిచి,
చేతులకు నాలుగోసారి మందు రాసుకుంటున్నాడు.
"జర నాగ్గూడ గుచ్చు సిస్టరమ్మా, ఏమొస్తదో సూద్దాం."
రూలు ఒప్పుకోదు. గుచ్చాను.
ఆయన చేతి మీద లేచింది హిస్టమిన్ చుక్క ఒక్కటే.
అది ఎవరికైనా లేస్తుంది, లేవాలి.
మిగతా ఇరవై మూడూ పలకలేదు.
ఆ ఉబ్బని చేతికి
ఐదు నెలల జీతం బాకీ.

పోయిన నెల ఈ పిల్లాడు
ఎవరికీ చెప్పకుండా దడి దాటి లోపలికి వెళ్ళాడు.
ఆ పొద్దునే ఈనిన పిల్ల, ఒళ్ళింకా ఆరలేదు.
ఎత్తుకున్నాడు, మొహం ఆనించాడు.
పెదాలు వాచి, ఊపిరి ఈల వేసి,
గంగమల్లు భుజాన వేసుకుని పరుగెత్తాడు,
తన చొక్కాకే మేక బొచ్చు ఉందని
సగం దారిలో గుర్తొచ్చి, చొక్కా ఇసకలో పారేసి.

గడియారం మోగింది.
స్కేలు పెట్టాను. మేక: పదకొండు మిల్లీమీటర్లు.
రాసుకున్నాను.
తల్లి అటు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతోంది.
సుల్తాన్ మాస్కు కిందికి లాగి
గంగమల్లు వైపు చూసి,
అచ్చం కోరుట్ల యాసలో, మెల్లిగా:
"పిల్ల పాలు తాగిందా మల్లన్నా?"

గంగమల్లు ఆమె వీపు వైపు చూశాడు,
నా వైపు చూశాడు.
"తాగింది," అన్నాడు.

నేను తర్వాతి చుక్క కొలిచాను.